33 రోజుల కథలో తొమ్మిది నెలల కడుపు

ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా మారి, డైస్ వేస్తూ కథ నడిపించే ఫాంటసీ రోల్‌ప్లేయింగ్ ఆటల పుస్తకాల్లో దాదాపు ప్రతిదానికీ రూల్ దొరుకుతుంది. నీళ్ళలో ఊపిరి ఎంతసేపు బిగబట్టొచ్చో, గోడ మీంచి పడితే ఎన్ని డైస్ దెబ్బ తగులుతుందో, చచ్చినవాణ్ణి లేపడానికి ఎంత ఖరీదు చేసే వజ్రం కావాలో అన్నీ రాసిపెట్టి ఉంటాయి. వజ్రం 500 బంగారు నాణేలది కావాలట. కానీ శనివారం సాయంత్రం హైదరాబాద్ కొండాపూర్‌లో ఏదో ఫ్లాట్‌లో డైనింగ్ టేబుల్ చుట్టూ చేరిన ఐదుగురిలో ఒకరు తాను ఆడే విలుకాడి పాత్ర గురించి "నా రేంజర్ నెల తప్పింది" అన్నారనుకోండి, డీఎం (డంజన్ మాస్టర్, ఆటను నడిపే మనిషి) ఎన్ని పేజీలు తిప్పినా లాభం ఉండదు. 1974లో మొదలైన డంజన్స్ అండ్ డ్రాగన్స్, ఐదో ఎడిషన్ దాకా వచ్చినా ప్రధాన పుస్తకాల్లో గర్భానికి ఒక్క రూల్ లేదు.

రూల్ లేదు కదా అని చాలామంది డీఎంలు వెంటనే సొంత రూల్ రాయడానికి కూర్చుంటారు. నాలుగో నెలలో వేగం ఇంత తగ్గుతుంది, ఏడో నెలలో దెబ్బలు ఇంత ఎక్కువ తగులుతాయి అని పట్టిక వేస్తారు. ఆ పట్టిక ఎంత బాగా కుదిరినా ఆటలో దాని అవసరం రాదు. ఎందుకంటే చాలా క్యాంపెయిన్లలో, అంటే వారాల తరబడి సాగే కథల్లో, నాలుగో నెల అసలు రానే రాదు.

లెక్క చూస్తే తెలుస్తుంది. 2014 నాటి డీఎం పుస్తకంలో ఒక్కో లెవెల్లో పార్టీలోని (కలిసి తిరిగే పాత్రల గుంపులోని) ఒక్కో పాత్ర రోజుకు ఎంత అనుభవం (లెవెల్ పెరగడానికి కావాల్సిన పాయింట్లు) సంపాదించొచ్చో పట్టిక ఉంది. ఏ లెవెల్‌కి ఎంత అనుభవం కావాలో ఆటగాళ్ళ పుస్తకంలో ఉంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని భాగిస్తూ పోతే, ఒకటో లెవెల్లో గోదాముల్లో ఎలుకల్ని తరిమిన పిల్ల ఇరవయ్యో లెవెల్లో రాజ్యాలను గడగడలాడించడానికి పట్టేది సుమారు 33 రోజులు. మధ్యలో ప్రయాణాలూ విశ్రాంతీ కలుపుకుంటే రెండు మూడు నెలలు అనుకోవచ్చు. బయట మాత్రం అదే ఆట రెండేళ్ళు నడుస్తుంది. ఒక్క గుహలో గడిపిన ఒక్క రాత్రి మూడు శనివారాలు తినేస్తుంది. రేంజర్‌ను ఆడే మనిషికి ఈలోపు ఒక ప్రమోషన్ వచ్చి, ఇల్లు కూడా మారిపోయి ఉంటుంది. రేంజర్‌కు మాత్రం ఇంకా వేవిళ్ళే తగ్గవు.

అలాంటప్పుడు టేబుల్ మీద రెండిట్లో ఒకటి జరుగుతుంది. కడుపు సంగతి మెల్లగా అందరూ మర్చిపోతారు, ఆ పాత్ర మళ్ళీ మామూలుగా గోడలెక్కుతూ ఉంటుంది. లేదంటే డీఎంకు ఉన్నట్టుండి గుర్తొచ్చి "సరే, ఆరు నెలలు గడిచాయి" అని ఒక్క మాటతో దూకేస్తాడు. లోకాన్ని మింగేస్తానని బయల్దేరిన విలన్ ఆ ఆరు నెలలూ గోళ్ళు గిల్లుకుంటూ ఎందుకు కూర్చున్నాడో ఎవరూ అడగరు. కాబట్టి కడుపుతో ఉన్న పాత్రను కథలో నిలబెట్టాలంటే డీఎం ముందు చేతిలోకి తీసుకోవాల్సింది క్యాలెండర్‌ని.

కాలాన్ని ఇలా పెద్ద ముక్కలుగా కోసే ఆటలు లేకపోలేదు. గ్రెగ్ స్టాఫర్డ్ 1985లో తెచ్చిన పెండ్రాగన్‌లో ఆర్థర్ రాజు కాలపు నైట్లు (గుర్రపు యోధులు) సాధారణంగా ఏడాదికి ఒక సాహసం చేస్తారు. ఆ తర్వాత శీతకాలం దశ వస్తుంది. పంట ఎలా పండింది, వయసు ఎంత మీదపడింది, ఇంట్లో పిల్లలు పుట్టారా అన్నవి అప్పుడు తేలతాయి. తండ్రి ముసలివాడైతే కొడుకుతో ఆట సాగుతుంది. అక్కడ గర్భం ఇమడడానికి చోటు దానంతటదే ఉంది. అయితే ఆ ఆటలో కడుపు మోసేది ఎక్కువగా కోటలో ఉండిపోయిన భార్యే, ఆమె బతకడమూ పోవడమూ ఒక్క డైస్ రోల్‌తో తేలిపోతాయి. పెండ్రాగన్ నుంచి ఏడాదిని ముక్కలు చేసే పద్ధతి తెచ్చుకోవచ్చు, ప్రసవం పట్టికను మాత్రం అక్కడే వదిలేయడం మేలు.

విచిత్రం ఏమిటంటే, గర్భం ఊసెత్తని 2014 ఆటగాళ్ళ పుస్తకంలోనే తొమ్మిది నెలలకు దాదాపు సరిపోయే పనులు ఉన్నాయి. కొత్త భాష నేర్చుకోవడానికి 250 రోజులు. రోజుకు 5 బంగారు నాణేల విలువైన పని చొప్పున 1500 నాణేల పూర్తి ఉక్కు కవచం ఒక్కరే తయారు చేస్తే 300 రోజులు. గర్భకాలం సుమారు 280 రోజులు. ఈ రెండు రూల్స్‌నూ ఎవరూ వాడరు, అన్ని రోజులు ఖాళీ ఎక్కడిదని. రేంజర్ కడుపుతో ఉన్న కాలంలో ఫైటర్ తన కవచం తాను సాగగొట్టుకోవచ్చు, మంత్రగాడు డ్రాగన్ల భాష నేర్చుకోవచ్చు. ఆమె కోసం మిగతావాళ్ళు ఆగాల్సి వచ్చిందన్న భావన రాకుండా ఉండాలంటే ఇదే దారి. అందరికీ ఆ కాలంతో పని ఉండాలి.

పని కల్పించే కథ కావాలంటే హైదరాబాద్ వాళ్ళు ఎక్కడికో వెళ్ళి వెతుక్కోనక్కర్లేదు. 1687లో ఔరంగజేబు సైన్యం గోల్కొండను ముట్టడించి దాదాపు ఎనిమిది నెలలు బయటే కాచుకుని కూర్చుంది. కోట చివరికి లొంగింది ఫిరంగులకు కాదు, లోపలివాడు తెరిచిన తలుపుకు. ఇదే ముట్టడిని వేరే లోకంలో, వేరే పేర్లతో పెట్టుకోవచ్చు. ఎనిమిది నెలలంటే సుమారు 35 వారాలు. మామూలుగా నెల తప్పిందని తెలిసేసరికి వైద్యుల లెక్కలో ఐదో వారం నడుస్తుంటుంది, అక్కణ్ణుంచి నలభయ్యో వారానికి మిగిలేవీ 35 వారాలే. ముట్టడి మొదలైన వారం రేంజర్‌కు సంగతి తెలిస్తే, తలుపు తెరుచుకునే రాత్రికి ఆమెకు నెలలు నిండుతాయి. ఒక్కో సెషన్‌కు (ఆటకు కూర్చున్న ఒక్కో సాయంత్రానికి) కథలో రెండు వారాలు చొప్పున నడిపితే పదిహేడు, పద్దెనిమిది సెషన్లు. వారం వారం కలిసే గ్రూపుకు నాలుగు నెలల ఆట.

ఈ అమరికలో నెలల మార్పును రూల్ చూపించనక్కర్లేదు, కోట చూపిస్తుంది. మూడో సెషన్‌లో ధాన్యం వాసనకే ఆమెకు కడుపులో తిప్పుతుంది. ఎనిమిదో సెషన్‌కి ధాన్యం సగానికి వస్తుంది, ఆమెకు ఆకలి రెండింతలవుతుంది. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్‌లో వినిపిస్తుందని గోల్కొండ చూసినవాళ్ళందరికీ తెలుసు. నిండు చూలాలు గోడల మీద పరుగెత్తలేకపోవచ్చు, కానీ పైన కూర్చుని చీకట్లో చప్పట్ల లెక్క తప్పకుండా వినే పని ఆమెదైతే కోట ప్రాణం ఆమె చెవుల్లో ఉంటుంది.

ఇక ఒంటి సంగతి. డీఎంలు మామూలుగా తీసుకునే అడ్డదారి అలసట రూల్. 2014 రూల్స్‌లో అలసటకు ఆరు మెట్లు. మూడో మెట్టుకు చేరితే కత్తి దూసినా, దెబ్బ తప్పించుకోబోయినా అన్నిట్లో వెనకబాటే. ఆరో మెట్టు చావు. గర్భాన్ని ఈ నిచ్చెన మీద పెట్టడమంటే దాన్ని ఎడారిలో దాహంతో చావడం కింద జమ కట్టడమే. దేహదారుఢ్యం అనే పాత్ర కొలతను తగ్గించడమూ అంతే. నిజానికి గర్భంలో రక్తం పరిమాణం 40 నుంచి 50 శాతం పెరుగుతుంది. ఒళ్ళు బలహీనపడడం కంటే రెండు ప్రాణాల పని చేయడం అక్కడ జరుగుతున్నది. మొదటి మూడు నెలలు పొద్దున్నే వాంతులు, తిండి వాసనలు పడకపోవడం. నడి నెలల్లో చాలామంది మామూలుగానే తిరుగుతారు. చివరి రెండు నెలల్లో ఇరుకు సందులో దూరడం, తాడు పట్టుకుని ఎక్కడం కుదరదు. ఇంతవరకూ మాటల్లో చెప్పుకుంటే చాలు.

లెక్కలో ఏదో ఒకటి కనిపించాలని పట్టుబట్టే గ్రూపులు ఉంటాయి. వాళ్ళకు పుస్తకంలోనే చక్కటి ఉపాయం ఉంది. ఒకరి కొలతకు చేసిన కవచాన్ని మరొకరికి సరిచేయాలంటే అసలు ధరలో 10 నుంచి 40 శాతం ఖర్చవుతుందని ఒక ఐచ్ఛిక రూల్ చెబుతుంది. 1500 నాణేల కవచానికి 150 నుంచి 600. ఐదో నెలలో ఒకసారి, కాన్పయ్యాక మళ్ళీ ఒకసారి. భారం పాత్ర ఒంటి మీద కాకుండా పార్టీ సంచి మీద పడుతుంది, కమ్మరితో బేరం ఆడే సీన్ ఒకటి కలిసొస్తుంది.

మంత్రాల సంగతి ఇంకా తేలిక. నిప్పు గోళం పడింది, ఎనిమిది డైస్ దెబ్బ, సగటున 28. లోపలి బిడ్డకు విడిగా రోల్ వేయాలా? వద్దు. పుట్టేదాకా తల్లీబిడ్డా ఒకే ఒడలు, ఒకే గురి. దెబ్బా ఒక్కటే, వైద్యమంత్రమూ ఒక్కటే. జంతువుల రూపం దాల్చగల డ్రూయిడ్ ఎలుగుబంటిగా మారితే బిడ్డ ఏమవుతుందని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. మనం ఇలాంటి వాటికి బెంబేలు పడాల్సిన అవసరం లేదు. దేవకి కడుపులోని బిడ్డ రోహిణి కడుపులోకి మారాడు. మంత్రించిన నీళ్ళు తాగి యువనాశ్వుడనే మగ మహారాజు మాంధాతను కన్నాడు. గాంధారి రెండేళ్ళు మోసింది, ఆపైన నూరుగురూ ఒక చెల్లెలూ కుండల్లో పెరిగారు. సుభద్ర కడుపులో ఉండగానే అభిమన్యుడు పద్మవ్యూహం గురించి విన్నాడు. ఇవి వింటూ పెరిగిన ఆటగాళ్ళకు ఎలుగుబంటి పొట్టలో మనిషి బిడ్డ క్షేమంగా ఉందంటే నమ్మడానికి అర నిమిషం పట్టదు. బిడ్డ సంగతి మంత్రమే చూసుకుంటుందని చెప్పి ముందుకెళ్ళిపోవచ్చు.

ఉత్తర కథ మాత్రం వేరు. అశ్వత్థామ అస్త్రం గురి పెట్టిందే గర్భం మీద. భాగవతంలో ఆమె కృష్ణుడి దగ్గరికి పరుగెత్తుకొచ్చే ఘట్టం ఎంత బలంగా ఉంటుందో తెలిసిన డీఎంకు, విలన్ చేత అదే పని చేయించాలని చేతులు దురద పెడతాయి. జోస్యంలో చెప్పిన బిడ్డ, బిడ్డ కోసం కాచుకున్న రాక్షసుడు లాంటివి ఇప్పటికే అరిగిపోయిన సరుకు. ఆ మాట అటుంచినా, కడుపులోని బిడ్డకు ముప్పు తెచ్చే కథ డీఎం ఒక్కడే తీసుకునే నిర్ణయం కాకూడదు.

ఇక్కడ డైస్ ఎంత మోసం చేస్తుందో కూడా చూడాలి. "నెలకో రోల్ వేద్దాం, ఒకటి పడితేనే గర్భం పోయినట్టు" అంటే వినడానికి చిన్న ప్రమాదంలాగే ఉంటుంది. ఇరవై ముఖాల డైస్ మీద ఒకటి పడే అవకాశం 5 శాతమే. కానీ తొమ్మిది సార్లు వేస్తే ఒక్కసారైనా ఒకటి పడే అవకాశం 37 శాతం. శనివారం సరదాగా ఆడుకుందామని వచ్చిన మనిషి ముందు మూడింట ఒక వంతుకు పైగా గర్భస్రావం అవకాశం పెట్టి, ఆపైన "డైస్ అలా పడింది, ఏం చేస్తాం" అనడం న్యాయం కాదు. గర్భం రావడానికైనా పోవడానికైనా డైస్ వాడకూడదు. ఆ రెండూ పాత్రను ఆడే మనిషి నోటి నుంచే రావాలి. తండ్రి కూడా పార్టీలోని పాత్రే అయితే, ఆ పాత్ర సంతోషించాలో పారిపోవాలో అతన్ని ఆడేవాళ్ళు చెప్పుకుంటారు, అంతవరకే.

దీనికి ఆటల లోకంలో పద్ధతులు ఎప్పుడో వచ్చాయి. అసలు కథలోకి రాకూడని విషయాలకు గీత గీయడం, వచ్చినా తెర వెనక జరిగిపోవాల్సిన వాటికి తెర వేయడం అనే ఆలోచనను రాన్ ఎడ్వర్డ్స్ 2003లో ముందుకు తెచ్చాడు. జాన్ స్టావ్రోపౌలోస్ 2013లో ఎక్స్-కార్డ్ తెచ్చాడు. ఇబ్బందిగా అనిపిస్తే టేబుల్ మధ్యలోని కార్డును ముట్టుకుంటే చాలు, కారణం చెప్పనక్కర్లేదు. ఆట మొదలుకు ముందే కూర్చుని ఇవన్నీ మాట్లాడుకునే సెషన్ జీరో 2020 నాటికి డంజన్స్ అండ్ డ్రాగన్స్ అధికారిక పుస్తకాల్లోకీ ఎక్కింది.

మన టేబుళ్ళ మీద వీటికి అడ్డం పడేది మొహమాటం. టేబుల్ చుట్టూ ఉన్నవాళ్ళు ఒకే ఆఫీసు వాళ్ళో, ఒకరికొకరు బావామరుదులో, కాలేజీ నుంచి అన్నా అక్కా అని పిలుచుకునేవాళ్ళో అయి ఉంటారు. అందరూ చూస్తుండగా కార్డు మీద చెయ్యి వేయడమంటే కారణం చెప్పినట్టే. పైగా పెళ్ళయి రెండేళ్ళు దాటితే చాలు, ఏ ఫంక్షన్‌కి వెళ్ళినా ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "ఏమ్మా, విశేషం ఏమైనా ఉందా?" ఊళ్ళో ఫెర్టిలిటీ సెంటర్ల హోర్డింగులు ఎన్ని ఉన్నాయో చూస్తే, ఆ ప్రశ్న ఎన్ని ఇళ్ళలో గుచ్చుకుంటోందో అర్థమవుతుంది. ఐవీఎఫ్ ఇంజెక్షన్ల మధ్యలో ఉన్న మనిషి, పోయిన నెలే గర్భం పోగొట్టుకున్న మనిషి, పిల్లలు వద్దనుకుని ఇంట్లో పోరాడుతున్న మనిషి కూడా ఆ టేబుల్ దగ్గర ఉండొచ్చు. ఎవరూ చెప్పరు. ఆ నాలుగు గంటలైనా ఆ టాపిక్ లేకుండా గడుపుదామనే వచ్చి ఉండొచ్చు.

అందుకే ఇక్కడ కార్డు కంటే వాట్సాప్ బాగా పనిచేస్తుంది. తన పాత్ర గర్భవతి కావాలనుకున్న ఆటగాడో ఆటగత్తెయో ముందు డీఎంకు చెప్పాలి, టేబుల్ మీద హఠాత్తుగా ప్రకటించకూడదు. డీఎం మిగతా ఒక్కొక్కరికీ విడివిడిగా మెసేజ్ పెట్టాలి. గ్రూపులో పెడితే మొదటి థంబ్స్ అప్ పడగానే మిగతావాళ్ళూ అదే కొట్టేస్తారు. ఆ మెసేజ్ కూడా "మీకు ఓకేనా?" అని ఉంటే ఓకే అనే జవాబొస్తుంది. "రేంజర్ కథలో గర్భం పెట్టాలా, లేక ఆ నెలల్లో ఆమెను దూరదేశం పంపే వేరే కథ పెట్టాలా? రెండూ నాకు సమానమే" అని అడిగితే, రెండోది చాలు అనడం ఎవరికీ కష్టం కాదు. కాదనడానికి బదులు ఒకటి ఎంచుకోవడానికి వీలివ్వాలి. ఒక్కరు రెండోది అన్నా కారణం వెతక్కుండా రెండోదే. మధ్యలో మనసు మారినా ఇదే దారి, ముందటి సెషన్లో అన్న మాటను వెనక్కి తీసుకోవచ్చని అందరికీ తెలిసి ఉండాలి. తండ్రి ఎవరో డైస్ వేద్దాం లాంటి జోకులను డీఎం మొదటిసారే ఆపేయాలి. రెండోసారికి అది ఆ టేబుల్ అలవాటైపోతుంది.

అందరూ సరేనంటే ఇక కొరత ఉండదు. సీమంతం ఒక్కటి చాలు ఒక పూర్తి సెషన్‌కి. ఐదో నెలలోనో ఏడో నెలలోనో పార్టీలో ప్రతివాడూ ఒక గాజు తెస్తాడు, ఆ గాజు ఎక్కడిదో కథ చెబుతాడు. తర్వాత ఎప్పుడైనా ఆమె రోల్ తప్పితే ఒక గాజు చిట్లి ఆ రోల్ మళ్ళీ వేసుకోవచ్చు. ఎన్ని గాజులుంటే అన్నిసార్లు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్న ఆనవాయితీ ఉండనే ఉంది. కథ ముట్టడిది కాకపోతే, ఏడో నెలలో ఆమెను బండి మీద అడవి దాటించి పుట్టింటికి చేర్చాలి. కాపలా కాయాల్సిన మనిషే పార్టీ మొత్తంలో గురి తప్పని విలుకాడు కావడం ఈ ప్రయాణంలో సగం సరదా. దారిలో దొరికిన గాబ్లిన్ ముసలిది తానూ మంత్రసానినేనని, నలభై పురుళ్ళు పోశానని అంటే నమ్మాలా వద్దా అన్నది మిగతా సగం.

ప్రసవాన్ని మాత్రం తెర వెనక జరిపించడమే మేలు. నొప్పుల వర్ణన అడిగినవాళ్ళు ఎవరూ లేరు, తెలిసినవాళ్ళకు అక్కర్లేదు. తల్లి బతుకుతుందా లేదా అన్న టెన్షన్ అంతకన్నా అక్కర్లేదు. రెండు మూడు తరాల వెనక్కి వెళ్తే మన కుటుంబాల్లో పురిట్లో పోయిన ఆడమనిషి ఎవరో ఒకరు తగులుతూనే ఉంటారు. 1953లో మొదలైన నీలోఫర్ ఆస్పత్రి వెనక ఉన్నదీ అలాంటి చావే. తన పరిచారిక కాన్పులో చనిపోవడం తట్టుకోలేకే నీలోఫర్ యువరాణి తల్లులకూ పిల్లలకూ ఆస్పత్రి కావాలని పట్టుబట్టిందని చెబుతారు. డైస్ వేయాలనుంటే తలుపు బయట వేయొచ్చు. వేడినీళ్ళకు కట్టెలు లేని కోటలో ఫైటర్ ఏ తలుపు విరగ్గొట్టాడు, మంత్రసానిని శత్రు గుడారాల మధ్య నుంచి ఎవరు తెచ్చారు అన్నవి ఆడదగ్గ సీన్లు. లోపలి నుంచి ఏడుపు వినిపిస్తుందని ముందే అందరికీ తెలిసి ఉన్నా ఉత్కంఠ ఏమీ తగ్గదు.

పుట్టాక ఏమిటన్నది కాన్పు సెషన్‌కు ముందే తేల్చుకోవాల్సిన విషయం, లేకపోతే చంటిబిడ్డను సంచిలో వేసుకుని డ్రాగన్ గుహకు వెళ్ళే పరిస్థితి వస్తుంది. కథాకాలంలో కనీసం ఆరు వారాలు తల్లి పాత్రను పక్కన పెట్టి, అదే లెవెల్లో ఇంకో పాత్రను ఆమె ఆటగాడి చేతికివ్వాలి. ఇరవై ఒకటో రోజు బారసాలకు పార్టీ తిరిగొస్తుంది. బిడ్డ ఎల్ఫ్ (వందల ఏళ్ళు బతికే జాతి) అయితే వాళ్ళ లెక్కలో పెద్దయ్యేసరికి వందేళ్ళు కాబట్టి ఆ తరంతో ఆడే ఆశ వదులుకోవచ్చు. తల్లి మళ్ళీ విల్లు పట్టి పార్టీలో కలిసిన రోజు నుంచి ఒక్క జాగ్రత్త చాలు. ప్రతి సెషన్ మొదట్లో "మరి పిల్లను ఎవరి దగ్గర వదిలావు?" అని ఎవరో ఒకరికి అడగాలనిపిస్తుంది. అడగక తప్పదనుకుంటే, ఊళ్ళో భార్యా ఇద్దరు పిల్లలూ ఉన్నారని మొదటి సెషన్‌లో చెప్పి ఇన్నాళ్ళూ ఆ ఊరి వైపు కన్నెత్తి చూడని ఫైటర్‌ను ముందు అడగాలి.